వెలుతురుకి పట్టి చూస్తే

"మీ అమ్మ ఇంట్లో ఖాళీగానే ఉంటుందిగా" అన్నదట క్లాసు టీచరు.

పిల్ల ఆ మాట మోసుకొచ్చేసరికి తల్లి దండెం మీది బట్టలు తీసి మడతలు పెడుతోంది. మాటతోపాటు ఒక సంచీ కూడా వచ్చింది. సంచీలో ముదురు బూడిదరంగు ఉన్ని కోటు. కుడి మోచేతి దగ్గర నిప్పు తగిలి కాలిన చిల్లు, జేబు కింద పురుగు కొట్టిన చిల్లులు మూడు. ఆమె చేతిలో ఉన్న మొగుడి చొక్కా పక్కన పెట్టి, పెద్ద చిల్లులో చిటికెనవేలు దూర్చి చూసింది. వేలు సగం దాకా పోయింది. నాలుగు సాయంత్రాలు పడుతుంది, చిన్నవి కాక.

ఆమె చేసేది రఫ్ఫు పని. చిరిగిన చోట అతుకు వెయ్యదు. ఆ గుడ్డలో పడుగు ఎలా నడిచిందో, పేక ఎటు తిరిగిందో చూసుకుని, పోగు పక్కన పోగు నేసుకుంటూ పోతుంది. ఆ పోగు బజారులో దొరకదు. అదే బట్ట అంచు లోపల, మడత కింద, ఎవరూ చూడని చోటినుంచి లాగాలి. పని అయ్యాక చిల్లు ఎక్కడుండేదో బట్ట సొంతదారు కూడా పట్టుకోలేకపోవాలి. పట్టుకున్నాడంటే పని చెడిందన్నమాట. ఎంత బాగా చేస్తే పని అంత కనపడదు. ఇంటిపనీ ఇంతేగదా అని ఆమెకి ఎన్నడో తోచింది. తోచినవన్నీ పైకి అనే అలవాటు లేదు.

పొద్దుటిపూట లాండ్రీ షాపులో, తెర వెనక, ఇస్త్రీ బల్లకీ గోడకీ మధ్య ఆమె ముక్కాలిపీట. అక్కడ అందరూ రఫ్ఫమ్మ అంటారు. బట్ట తీసుకోవడానికి వచ్చినవాళ్ళు తిప్పి తిప్పి చూసి ఆశ్చర్యపోతే, ఓనరు గల్లాపెట్టె మీద చెయ్యి వేసి "కొత్త మిషను తెప్పించామండీ" అంటాడు. తెర వెనక ఆ మిషను, అంటే ఆమే, సూదిలో దారం ఎక్కిస్తూ ఆ మాట వింటుంది. మొదట్లో నవ్వొచ్చేది. మధ్యాహ్నం ఇంటికొచ్చి, మిగిలిన పని సంచీలో తెచ్చుకుని, వంటగది మూల చిన్న వెంటిలేటరు కింద ఇంకో ముక్కాలిపీట మీద కూర్చుంటుంది. వీధివైపు పెద్ద కిటికీ ఒకటి ఉంది. దాని దగ్గర మొగుడి కుర్చీ. ఆయన నీటి సరఫరా ఆఫీసు గుమాస్తా. ఆదివారాలు పేపరు, మిగతా రోజుల్లో ఆయన లేకపోయినా ఆయన కుర్చీ. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అక్కడ కూర్చుంటే, "వచ్చేపోయే వాళ్ళకి మన చిరుగులన్నీ చూపించాలా" అన్నాడు. అవి ఊళ్ళోవాళ్ళ చిరుగులు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఆగింది పదిహేనేళ్ళు.

టీచరు పంపిన బట్టల్లో ఈ కోటు మొదటిది కాదు. బడి తెరిచిన నెలలో తల్లిదండ్రుల మీటింగు పెట్టి, ఆవిడ ఎంతో చక్కగా మాట్లాడింది. టీచర్లకి ఏదైనా ఇవ్వాలనుకునేవాళ్ళు బజారులో కొని తేవద్దు, మీ చేత్తో చేసింది ఇవ్వండి, మాకదే బహుమతి అంది. రఫ్ఫమ్మ వెనక బెంచీలో, చిన్నపిల్లల బెంచీ కావడంతో మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా, ఆ మాట విని పొంగిపోయింది. పదిమందిలో ఒకరు చేతిపని గురించి మర్యాదగా మాట్లాడటం ఆమె విన్నది అదే మొదలు. బయటికొస్తుంటే టీచరు ఆమెని ఆపి, తమ శాలువాకి ఎలుక కొట్టిందని చెప్పింది. ఆమె సంతోషంగానే తెచ్చుకుంది. వారం రోజులు కళ్ళు పొడుచుకుని, ఎలుక పళ్ళ ఆనవాలు లేకుండా చేసి, మార్కుల కార్డులు ఇచ్చే రోజు పొద్దున్నే పిల్ల చేతికిచ్చి పంపింది. ఆ సాయంత్రం కార్డులో సైన్సు రికార్డుకి ఇరవైకి పంతొమ్మిది వచ్చాయి. రికార్డు మార్కులు పరీక్షవి కావు, టీచరు చేతివి. మూడు విడతలూ కలిపి నలభై ఐదు వస్తేనే పై తరగతిలో సైన్సు సెక్షను. పిల్లకి అది తప్ప వేరే ధ్యాస లేదు. బీన్స్ గింజ మొలకెత్తితే ఇంట్లో పండగ చేస్తుంది.

ఇప్పుడు ఈ కోటు. సరిగ్గా అదే నెలలో అత్తగారికి కంటి ఆపరేషన్ అయింది. గంటకోసారి చుక్కలు వెయ్యాలి, వంగనివ్వకూడదు. చలికాలం కావడంతో షాపులో ఉన్నిబట్టలు గుట్ట పడ్డాయి. కోటు సంచీలోనే ఉండిపోయింది. "టీచరమ్మకి నాలుగు పోగులు వేసిస్తే నీ వేళ్ళేమైనా అరిగిపోతాయా" అంది అత్తగారు, కంటికి కట్టుతో పడుకునే. "కూర్చుని చేసే పనే కదా" అన్నాడు మొగుడు. ఆయనా కూర్చునే చేస్తాడు ఆఫీసులో. దానికి జీతం ఇస్తారు.

రెండో విడత కార్డు వచ్చింది. రికార్డుకి పదకొండు.

ఆ సాయంత్రం ఇంట్లో తప్పంతా ఆమెదే అయింది. మొగుడు కార్డు బల్ల మీద పడేసి, "ఒక్క కోటు. ఒక్క కోటు దగ్గర పిల్ల బతుకు తగలేశావు" అన్నాడు. నిజానికి ఆమె కూడా అదే అనుకుంటోంది. తన బద్ధకమే అనుకుంటోంది, అన్నం వండి, చుక్కలు వేసి, షాపు పని ముగించి, అంట్లు తోమి, ఆ పైన మిగిలిన బద్ధకం. వెంటనే కోటు తీసి ముక్కాలిపీట మీద కూర్చుంది. లోపలి అంచు విప్పి పోగు లాగబోయింది. పిల్ల వచ్చి ఎదురుగా నేల మీద చతికిలబడింది.

"అమ్మా, నన్ను క్లాసులో కోటు అంటున్నారు."

"ఏమిటీ?"

"టీచరు రోజూ అడుగుతుందిగా, కోటు ఏదీ అని. ఇప్పుడు అందరూ అంతే. కోటు వచ్చింది, కోటు కూర్చుంది." పిల్ల కోటు చెయ్యి పట్టుకుని బొత్తాం తిప్పుతోంది. "అది కాదులే. నా రికార్డు ఎలా ఉందో నాకు తెలీటం లేదు. పోయినసారి ఆకుల బొమ్మలు హడావిడిగా వేశాను, పంతొమ్మిది వచ్చాయి. ఈసారి నెల రోజులు వేశాను, పదకొండు. నాకసలు వచ్చా, రాదా?"

ఏడవకుండా అడిగింది. వంటలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగింది. ఆమె చేతిలో సూది ఆగింది. తన కూతురి వయసులో తనకి ఈ ప్రశ్న రాలేదు. ఆ తరవాతా రాలేదు. బాగుందంటే మురిసింది, బాగాలేదంటే కుంగింది. అసలు తన పని ఎంత పని అని, ఎవరూ చెప్పకుండా తనకై తనకి తెలియాలని, ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి అనిపించలేదు. కడుపున పుట్టిన పిల్లని ఆమె అప్పుడు కొత్తమనిషిని చూసినట్టు చూసింది. విప్పిన అంచు అలాగే వదిలేసి కోటు సంచీలో పెట్టింది.

ఆదివారం మొగుడు జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళినప్పుడు, ఆమె కార్డు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేది. ఏ గుడ్డ చేతికొచ్చినా మొదట వెలుతురుకి పట్టి చూడటం ఆమెకి అలవాటు. కంటికి ఆనని పలచన అలాగే బయటపడుతుంది. కార్డుని అద్దానికి ఆనించింది. పదకొండులో మొదటి ఒకటి గట్టిగా ఉంది. రెండో ఒకటి చుట్టూ కాగితం పలచబడి వెలుగు కారుతోంది. బ్లేడుతో గీకిన చోట నూగు లేచింది. దాని మీద సిరా పాకి, అంకె అంచులు మసకబారాయి. చేతకాని రఫ్ఫు. కార్డు తిప్పి, కళ్ళు మూసుకుని వెనకవైపు చూపుడువేలి కొసతో తడిమింది. పైన అంకె గీకెయ్యొచ్చుగానీ, మొదటిసారి రాసినప్పుడు కలం నొక్కిన నొక్కు వెనక ఉబ్బి ఉంటుంది. దాన్నెవరూ గీకరు. వేలికొస కింద ఒక అడ్డగీత, దానినుంచి ఏటవాలుగా ఇంకో గీత. ఏడు. పిల్లకి వచ్చింది పదిహేడు.

సంతోషమో కోపమో విడదీసి చూసుకునే తీరిక లేదు. వేలు దానంతటదే పై వరసకి, మొదటి విడత పంతొమ్మిది మీదికి పోయింది. వెళ్ళకుండా ఉంటే బాగుండునని ఆమెకి తరవాత చాలాసార్లు అనిపించింది. అక్కడా కాగితం పలచగానే ఉంది. వెనక నొక్కు నాలుగు. పద్నాలుగు. శాలువా వెళ్ళిన పూట అయిదు మార్కులు పెరిగాయి. కోటు వెళ్ళని పూట ఆరు తగ్గాయి. రెండూ ఒకే బ్లేడు.

పిల్లని పిలిచి, వేలు పట్టుకుని, రెండు చోట్లా తడిమించింది. ఏం చేద్దామో నువ్వే చెప్పు అంది. పదిహేడు ఒక్కటీ అడిగితే పంతొమ్మిది ఉండిపోతుంది, సెక్షను దాదాపు వచ్చినట్టే. రెండూ అడిగితే మూడో విడతలో ఇంకా పద్నాలుగు రావాలి, అదీ ఆ టీచరు దగ్గరే. పిల్ల కాసేపు ఆ ఉబ్బు మీదే వేలు ఆడించింది.

"పద్నాలుగు నేను తెచ్చుకోగలనమ్మా. ఒకసారి తెచ్చుకున్నానుగా."

శనివారం కార్డుల మీద సంతకాలు పెట్టే మీటింగు. మొగుడు రానన్నాడు. వెళ్ళి గొడవ పెట్టుకోవద్దని, కోటు ఇచ్చి బతిమాలుకుని రమ్మని చెప్పాడు. ఆమె సంచీ పట్టుకుని వెళ్ళింది. తల్లులు వరసగా బల్ల దగ్గరికి పోతున్నారు. ముందున్నావిడ కేకులు చేసి అమ్ముతుంది, చేతిలో పెద్ద డబ్బా. ఆ వెనకావిడ జుట్టు కత్తిరించే షాపులో పని చేస్తుంది. నెలకో ఆదివారం టీచరు ఇంటికి వెళ్ళి జుట్టుకి రంగు వేసి వస్తుందని పిల్లలు చెప్పుకుంటారు. ఎవరి చేతిలో ఏ పని ఉందో టీచరుకి బాగా తెలుసు.

తన వంతు రాగానే టీచరు సంచీ వంక చూసి నవ్వింది. "వచ్చిందా? నాకు తెలుసు, మీ చెయ్యి పడితే ఇంక చూడక్కర్లేదని."

రఫ్ఫమ్మ బల్ల దగ్గర ఆగలేదు. కార్డు తీసుకుని నేరుగా క్లాసు కిటికీ దగ్గరికి నడిచి, అద్దానికి ఆనించి నొక్కిపట్టింది. "ఒకసారి ఇటు రండి టీచరుగారూ, వెలుతురుకి చూసి వెనక తడమండి" అంది. గొంతు పెంచలేదు. షాపులో ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగదు. టీచరు లేచి వచ్చింది. చూసింది. గొంతు తగ్గించి, పని ఒత్తిడిలో పొరపాటు జరిగిందని, పదిహేడు ఇప్పుడే వేసేస్తానని అంది. ఆ పైదెందుకు తవ్వుతారు, అది మీకు లాభమేగా అని కూడా అంది. కోటుకీ తొందరేం లేదంది.

"రెండూ సరిచెయ్యండి. గీకకుండా, కొట్టేసి, పక్కన సంతకం పెట్టండి" అంది రఫ్ఫమ్మ. సంచీ బల్ల మీద పెట్టింది. "కోటు షాపులో ఇవ్వండి. తెర వెనక నేనే ఉంటాను. బాగా చేస్తాను."

కలం తీసుకోవడానికి టీచరుకి కొంచెంసేపు పట్టింది. ఆ కొంచెంసేపట్లో కేకులావిడ డబ్బా బెంచీ మీద పెట్టి, తన కొడుకు కార్డు తీసుకుని పక్క కిటికీ దగ్గరికి వెళ్ళింది. పట్టి చూసి, బల్ల వైపు పోకుండా డబ్బా మళ్ళీ చేతిలోకి తీసుకుంది. జుట్టు షాపావిడ ఆమె వెనకే నిలబడి, "అలా కాదు, వెనక తడమాలన్నారుగా, ఎక్కడ?" అని అడిగింది. రఫ్ఫమ్మ ఆమె వేలు పట్టుకుని చూపించింది. హెడ్‌మిస్ట్రెస్‌ని పిలవడానికి ఎవరో వెళ్ళారు. రఫ్ఫమ్మ అప్పటిదాకా ఉండి, అడిగినవాటికి జవాబు చెప్పి, కార్డు తీసుకుని ఇంటికొచ్చింది.

మొగుడు కిటికీ దగ్గర కుర్చీలోనే ఉన్నాడు. కార్డు తిప్పి చూసి, అర్థంకాక మళ్ళీ చూశాడు. "పదిహేడు బాగానే తెచ్చావు. చేతిలో ఉన్న పంతొమ్మిది పోగొట్టుకుని రావడం ఏమిటే?"

"పంతొమ్మిది నావి కాదు నాన్నా, పద్నాలుగు నావి" అంది పిల్ల, రికార్డు పుస్తకంలో బొమ్మ వేస్తూ, తల ఎత్తకుండా.

రఫ్ఫమ్మ వంటగదిలోకి వెళ్ళింది. మూల ఉన్న ముక్కాలిపీట, షాపు సంచీ, సూదుల డబ్బా మూడూ ఒకేసారి ఎత్తుకుని ముందుగదిలోకి వచ్చింది. కుర్చీ పక్కన నిలబడింది.

"కాస్త జరగండి. ఇక్కడ కూర్చుంటాను."

"ఇక్కడా? రోడ్డు మీద పోయేవాళ్ళంతా..."

మంచం మీదినుంచి అత్తగారు నల్లకళ్ళద్దాలు సర్దుకుంటూ లేచి కూర్చుంది. ఎన్నేళ్ళు ఆవిడా ఆ వంటగది మూలలోనే బియ్యం ఏరిందో, ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ అడగలేదు.

"చూడనీరా" అంది కొడుకుతో. "లే."