ఖాళీలో ఎవరో తింటున్నారు

రాయెన్‌కి కాలు ఒకచోట నిలవదు. అటకామా ఎడారిలో నక్షత్రాల్ని గమనించే మా యాంటెన్నాల కేంద్రంలో అందరికీ కూర్చోవడానికి కుర్చీలుంటే, ఆమెకు కోటు తగిలించడానికి ఒకటుంది. అలా గదంతా తిరిగీ తిరిగీ ఆమె నడుము చుట్టూ ఎడారి దుమ్ము వెడల్పాటి పళ్ళెంలా చేరి, అదీ ఆమె చుట్టూ తిరుగుతోంది. ఎవరూ పట్టించుకోరు. తలుపు దగ్గర కాస్త ఒదిగి దారిస్తారు, అంతే.

ఆ పొద్దున ఆమె నడక మరీ ఎక్కువైంది. ఎక్కడో ఓ కుర్ర నక్షత్రం, దాని చుట్టూ ధూళి పళ్ళెం, ఆ ధూళిలో ఒక నల్లటి సందు. సందులో పసి గ్రహం పెరుగుతోందని రాయెన్ వాదన. మధ్యాహ్నంలోగా తేలకపోతే, ఆ నక్షత్రాన్ని చూడ్డానికి ఆమెకిచ్చిన గంటలు వేరేవాళ్ళకి పోతాయి. వాటి వెనకే ఉద్యోగమూ పోతుంది.

"ఖాళీని చూపించి గ్రహమంటావేంటమ్మాయ్? నా పర్సూ ఖాళీయే, అందులోనూ ఉందా గ్రహం?" అన్నాడు షిఫ్టు పెద్ద ఒస్వాల్దో.

"ఖాళీ అయిందంటే ఎవరో తింటున్నట్టే కదా బాస్. ఇంటికెళ్ళి అడగండి."

వంటావిడ దోన్యా ఫ్రెసియా నవ్వాపుకోలేకపోయింది. చేతిలో వేడి వేడి పిండివంటల పళ్ళెం ఒరిగి, వాటిమీది పంచదార పొడి కాస్తా రాయెన్ దుమ్ములో పడింది.

దుమ్ముతో కలిసి గుండ్రంగా తిరగాల్సిన పొడి అలా తిరగలేదు. రాయెన్ దుమ్ములోనూ ఒక సన్నటి సందుంది. లోపలి నుంచి ఒక పాయ, బయటి నుంచి ఒక పాయ, రెండూ వంపు తిరిగి ఆ సందులోకి జారాయి. ఒకేచోట మాయమయ్యాయి.

ఒస్వాల్దో లేచొచ్చి, సరిగ్గా అక్కడ వేలు పెట్టి, చటుక్కున లాక్కున్నాడు.

"కాలింది," అన్నాడు.

"పసిది బాస్. తింటుంటే ముట్టుకోకూడదు," అంది రాయెన్, నడుస్తూనే.

"ఇంకాస్త పొడి చల్లనా? మంచి ఆకలి మీదున్నట్టుంది," అంది ఫ్రెసియా.

ఒస్వాల్దో వేలు నోట్లో పెట్టుకుని తన తెర ముందు కూర్చున్నాడు. రాయెన్ గంటల్ని రద్దు చేస్తూ సగం రాసిన ఉత్తర్వు చెరిపేశాడు. సందులోకి జారే వాయువు పాయల్ని వెతకమని ఒంటిచేత్తో టైపు కొట్టి, తన సొంత గంటలు కూడా ఆమెకే రాసిచ్చాడు. పైన పీఠభూమి మీద యాంటెన్నాలన్నీ ఆ నక్షత్రం వైపు మెడలు తిప్పడం తెరమీద కనిపించింది.

"ఇప్పుడైనా కాసేపు కూర్చోవే తల్లీ," అన్నాడు.

"నేను కూర్చుంటే అదేం తింటుంది బాస్?"