ఆదివారం మినహాయింపు

"నీకు మినహాయింపు ఉంది కదా ఐరిన్, ఇంకెందుకు ఆ గోల" అన్నాడు గ్రేషియన్, నేను ఇస్త్రీ చేసిచ్చిన తెల్లచొక్కాకు బొత్తాలు పెట్టుకుంటూ. ఆదివారం పొద్దున, బయట వాన. నేనడిగింది పెద్ద కోరికేమీ కాదు. వచ్చే ఆదివారం మోంతి పండగ, మరియమ్మ పుట్టినరోజు, కొత్త వరికంకులు ఇంటికి తెచ్చుకునే రోజు. ఆ పూజకు నేనూ చర్చికి వస్తానన్నాను. అంతే. నా మొగుడు అద్దంలోంచే నన్ను చూసి, చంటిపిల్ల చందమామను అడిగితే నవ్వినట్టు నవ్వి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. పక్కవాటా నుంచి మరిది లాన్సీ, తోడికోడలు జెసింత వచ్చి కారెక్కారు. కారు గేటు దాటాక నేను లోపలికి వచ్చి మాంయ్ కింద తడిసిన దుప్పటి మార్చాను. మాంయ్ అంటే మా అత్తగారు.

మూడేళ్ళ కిందట మాంయ్‌కి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది కానీ బుర్ర మాత్రం చురకత్తే. ఆదివారం పూజ మానడం మా వాళ్ళలో చావైన పాపం, నేరుగా నరకానికి పంపేది. జ్వరమొచ్చినా శాలువా కప్పుకుని వెళ్ళి వెనక బల్లమీద వణుకుతూ కూర్చునే జాతి మాది. అందుకే మాంయ్ మంచాన పడ్డ కొత్తలో వరసగా ఆదివారాలు మానాల్సి వచ్చినప్పుడు నాకు అన్నం సయించేది కాదు. నరకం మా గేటు దాకా వచ్చి నిలబడ్డట్టే ఉండేది. అప్పుడు గ్రేషియన్ పాత ఫాదర్‌ని అడిగి వచ్చాడు. "రోగిని చూసుకునేవాళ్ళకి పూజ తప్పనిసరి కాదట. ఫాదరే చెప్పారు. ఏం భయపడకు, నీకు పాపం లేదు" అన్నాడు, నాకు పట్టుచీర తెచ్చినంత సంబరంగా. నేనూ సంబరపడ్డాను. తనకిష్టమని ఆ పూట పంది కూర వండి, కల్లు పోసి పులియబెట్టిన పిండితో సన్నాలు కూడా వేశాను. తలుచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది.

నియమంతో నాకు పేచీ లేదు. పసిపిల్లల తల్లినీ రోగి పక్కన కూర్చున్నదాన్నీ చర్చి కనికరించింది, మంచిదే. ఆ కనికరం మా ఇంటి గడప దాటి లోపలికి వచ్చాక ఏమైందన్నదే నా పేచీ. "పొద్దున్నే మొదటి పూజకి నేను వెళ్ళొస్తాను, నువ్వు రెండోదానికి వెళ్ళు" అన్నాను మొదట్లో. "అమ్మ లేచే టైమది, మగాణ్ణి నేనేం చేస్తాను" అన్నాడు. "శనివారం సాయంత్రం పూజ కూడా ఆదివారానికి చెల్లుతుంది కదా, దానికెళ్తాను" అన్నాను. శనివారం సాయంత్రం తనకు చర్చి సంఘం మీటింగు, మీటింగు లేనినాడు పేకాట. జెసింతను అడిగితే, "నా నడుం సంగతి నీకు తెలుసుగా అక్కా. అయినా నీకు మినహాయింపుంది, మాకు లేదే" అని నిట్టూర్చింది, నాదేదో అదృష్టమైనట్టు. ఊళ్ళో పూజలకు కొదవ లేదు. ఇంట్లో తిరగగలిగిన మనుషులకూ కొదవ లేదు.

ఒంటె గుడారంలోకి తల పెట్టినట్టు మినహాయింపు ఆదివారాలతో మొదలై క్రిస్మస్‌కు వచ్చింది, ఈస్టర్‌కు వచ్చింది, ఆగస్టులో మరియమ్మ పండక్కి వచ్చింది. తర్వాత నా టీచరుద్యోగానికి వచ్చింది: "ఇంకా నీకెందుకా తిప్పలు." పాటల బృందానికి వచ్చింది: "నీకెలాగూ కుదరదుగా, నీ పేరు తీసెయ్యమన్నాను." చివరికి మా అన్న కూతురి పెళ్ళికి కూడా నన్ను మినహాయించారు. అన్నీ నేను అడక్కుండా వచ్చిన వరాలే. ఒక్కో వరం వచ్చినప్పుడల్లా నేను ఇంట్లో మరో గది లోపలికి జరిగాను.

మా అమ్మ బీడీలు చుట్టేది. మా నాన్న ఆమెను సినిమాకు పంపలేదు, పుట్టింటికి పంపడానికి ఏడాదంతా ఆలోచించేవాడు, పొరుగింటి గడపలో కాసేపు నిలబడితే గొంతు పెంచేవాడు. ఆదివారం పొద్దున మాత్రం నోరెత్తేవాడు కాదు. ఆపితే ఆ పాపం తన నెత్తిన పడుతుందని భయం. అమ్మ బీడీ చేటను అటకమీద పెట్టి, వేళ్ళకంటిన పొగాకు వాసన పోయేలా నిమ్మచెక్కతో రుద్దుకుని, మమ్మల్ని వెంటేసుకుని వెళ్ళేది. ఒళ్ళో ఖాళీ చేతులు పెట్టుకుని అమ్మ కూర్చోవడం నేను చూసింది ఆ బల్లమీదే. ఆడదానికి హక్కు ఉందంటే ఇంటిల్లిపాదీ నవ్వుతారు. అదే విధి అంటే ఎవరూ అడ్డం రారు. ఆ విధి చాటున అమ్మకు వారానికో గంట దక్కింది. ఆ కిటుకు ఆమెకు తెలుసో లేదో నేనెప్పుడూ అడగలేదు. నాకు మాత్రం ఆ విధినే తీసేశారు, తీసేసి మేలు చేశామన్నారు.

"దేవుణ్ణి ఇంట్లో కూడా తలుచుకోవచ్చు కదక్కా" అంటుంది జెసింత. తలుచుకోవచ్చు. టీవీలో పూజ వస్తుంది, నేనూ మాంయ్ చూస్తూనే ఉంటాం. సరిగ్గా ఫాదర్ ప్రసాదం పైకెత్తే సమయానికి గంజి పొంగుతుంది, లేకపోతే మాంయ్‌కి పక్క మార్చాల్సి వస్తుంది. నాకు దేవుడొక్కడే చాలడు. పక్కన మనుషులు కావాలి, వాళ్ళతో కలిసి గొంతెత్తి పాడాలి, పూజయ్యాక మెట్లమీద నిలబడి ఎవరి కోడలు ఎవరితో మాట్లాడ్డం లేదో వినాలి. ఇది చెప్పుకోడానికి నాకు సిగ్గేమీ లేదు. గ్రేషియన్, లాన్సీ అయితే ప్రసంగం మొదలవగానే బయట కొబ్బరిచెట్టు కింద సిగరెట్లతో తేలతారు. వాళ్ళ పూజ చెల్లగా లేనిది నా ఊసులకు దేవుడు కోపగించుకుంటాడా?

శుక్రవారం కొత్త ఫాదర్ మాంయ్‌కి సత్ప్రసాదం ఇవ్వడానికి వచ్చాడు. కుర్రవాడు, ఊరికి వచ్చి ఆర్నెల్లు కాలేదు. గ్రేషియన్ చర్చి తరఫున మా వార్డుకు పెద్ద, అందుకని సెలవు పెట్టి మరీ కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డాడు. ప్రార్థన అయ్యాక టీ ఇచ్చాను. ఫాదర్ నా వైపు చూసి, "మిమ్మల్ని చర్చిలో చూసిన గుర్తు లేదమ్మా. వేరే చోట నుంచి వచ్చారా?" అన్నాడు. నేను పెళ్ళయి వచ్చింది ఆ చర్చి మెట్లెక్కే. ఆ గాయకుల అరుగుమీద ఏళ్ళ తరబడి పాడాను. నేను నోరు తెరిచేలోపే గ్రేషియన్, "ఈవిడకి మినహాయింపుంది ఫాదర్" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మండినా గొంతు మాత్రం చల్లగానే వచ్చింది.

"ఫాదర్, ఆ మినహాయింపు కోడలికా, రోగి దగ్గర ఉండేవాళ్ళకా?"

ఫాదర్ కప్పు కిందపెట్టాడు. "దగ్గర ఉండేవాళ్ళకమ్మా. కోడలని ఎక్కడా రాసి లేదు."

"కొడుకు దగ్గరుంటే?"

"కొడుక్కే."

"అప్పుడు నాకు?"

"మీకుండదు. మీరు పూజకు రావాలి."

"ఓపికుండి రాకపోతే?"

"పాపమే కదా" అని నవ్వాడు ఫాదర్. ఇదంతా ఎందుకడుగుతున్నానో అతనికి అర్థమైందో లేదో తెలియదు. గ్రేషియన్‌కి మాత్రం అర్థమైంది. పళ్ళెంలో ఉన్న అరటిపండు బజ్జీని మొట్టమొదటిసారి చూస్తున్నట్టు చూస్తూ కూర్చున్నాడు. ఫాదర్ బండి వెళ్ళిపోయాక, "ఆయన ముందు నా పరువు తీశావు" అన్నాడు. "ముందు ఫాదర్ దగ్గరికి వెళ్ళింది నువ్వే కదా. నేను మిగతాది అడిగానంతే" అన్నాను.

శనివారం పండగ కూరలు తరుగుతూ జెసింత మొదలుపెట్టింది. "పండగరోజే దొరికిందా అక్కా నీకు? కంకులు పంచాల్సింది బావగారు."

"కంకులు లాన్సీ పంచినా కంకులే. మామూలు ఆదివారం అడిగితే పండక్కి చూద్దాం అన్నారు. పండక్కి అడిగితే పండగరోజేనా అంటున్నారు. ఇంక ఏ రోజు అడగమంటావు?"

చేమకాడలు తుంచుతున్న చేతులాపి, "అది సరే. మగాడు కన్నతల్లికి ఎట్లా చేస్తాడు, అది చెప్పు" అంది.

నిజం చెప్పాలంటే నన్ను లోపల గుచ్చుతున్నదీ అదే. నా పంతం కోసం ఆ ముసలామె మానం తీసే హక్కు నాకు లేదు. ఆమె వద్దంటే ఆగిపోవాలి, ఈ పండక్కే కాదు, ఇంకెన్నటికీ. అందుకే కత్తిపీట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని మాంయ్ మంచం దగ్గరికి వెళ్ళాను.

"మాంయ్, రేపు మీ స్నానం, బట్టలు నేనే ముగించి చర్చికి వెళ్తాను. నేనొచ్చేదాకా గ్రేషియన్ మీ దగ్గరుంటాడు. గంజి పెడతాడు. అవసరమైతే మిగతాది కూడా తనే చూడాలి. మీకు కష్టమనిపిస్తే చెప్పండి, నేను ఆగిపోతాను."

మాంయ్ బాగున్న ఎడమచేత్తో దుప్పటి అంచు మడతపెడుతూ ఉంది. గుమ్మంలో జెసింత, ఆమె వెనక గ్రేషియన్ వచ్చి నిలబడ్డారు. మాంయ్ కొడుకును చూసింది. ఒక్కో మాటా కూడదీసుకుంది.

"వీణ్ణి... నేను కడిగాను. అప్పుడు నాకెవరూ... సిగ్గు నేర్పలేదు."

తర్వాత నా వైపు తిరిగింది. "నా కంకి... నువ్వే తే."

నాకు ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఆదివారం తెల్లవారకముందే లేచి కూరలన్నీ, పెసరపప్పు పాయసంతో సహా దించాను. మాంయ్‌కి స్నానం చేయించి, తల దువ్వి, పండగ గౌను తొడిగాను. అప్పుడు నా ఆకుపచ్చ చీర తీశాను. బీరువాలో పడి ఉండి కలరా ఉండల వాసన కొడుతోంది. కొట్టనీ అని కట్టేసుకున్నాను. గ్రేషియన్ బనీనుతో వచ్చి గదిలో వెతుకుతున్నాడు.

"నా తెల్లచొక్కా ఏది?"

"ఇస్త్రీ చెయ్యలేదు. ఇవాళ నీకు అక్కర్లేదుగా."

బయట లాన్సీ హారన్ కొట్టాడు. గ్రేషియన్ నా ముందుకొచ్చి నిలబడ్డాడు. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. "ఐరిన్, తమాషాలొద్దు. ఆదివారం, పైగా పండగ. పుట్టి బుద్ధెరిగాక నేను ఒక్క ఆదివారం మానలేదు. ఇవాళ మానితే..." అని ఆగిపోయాడు. ఆ కళ్ళలో నిజంగానే బెదురు ఉంది. నాకు జాలేసింది. ఆ భయం ఎలా ఉంటుందో, అన్నం ఎలా సయించదో నాకు తెలుసు. చిన్నప్పటినుంచీ ఇద్దరికీ ఒకే మతబోధన పుస్తకం చదివించారు మరి.

గంజి గిన్నె, చెంచా తెచ్చి తన చేతిలో పెట్టాను. "గోరువెచ్చగా ఉంది. ఎడమవైపు నుంచి పెట్టు. మింగేదాకా ఆగి ఇంకో చెంచా పెట్టు, తొందరపెట్టకు." మాంయ్ మంచంమీంచి సగం మూతితో నవ్వుతూ నోరు తెరిచి పెట్టుకుంది. గ్రేషియన్ గిన్నె పట్టుకుని, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాడు. స్టూలు తన వైపు జరిపి, గొడుగు తీసుకున్నాను.

గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగాను.

"ఏం భయపడకు గ్రేషియన్. ఇవాళ మినహాయింపు నీది. నీకు పాపం లేదు."