వెనక్కి వచ్చిన సంచి

ఇనుయి మాస్టారి చెత్తసంచి మూడోసారి కూడా వెనక్కి వచ్చింది. తలుపు తీసేసరికి పిలవని చుట్టంలా గుమ్మం ముందు కూర్చుని ఉంది.

మాస్టారికి ఒళ్లు మండిపోయింది. ఊరి బడిలో తలలు నెరిసేదాకా పిల్లలకు పదార్థాల వర్గీకరణ చెప్పిన మనిషి. నిద్రలో లేపి అడిగినా మూలకమేదో, సమ్మేళనమేదో, మిశ్రమమేదో చెప్పగలడు. ఇసుకలోంచి ఇనుప రజను, ఉప్పునీళ్లలోంచి ఉప్పు వేరు చేయించినవాడికి సొంతింటి చెత్త వేరు చేయడం రాలేదంటే ఎంత నామర్దా!

ఆ పని ఎప్పుడూ భార్య ఫుసాయె చూసుకునేది. కాలే చెత్త మంగళవారం, ప్లాస్టిక్ బుధవారం, కాలనిది నెలకోసారి. ఒకదాంట్లో ఒకటి కలిస్తే సంచి వెనక్కే. ఏది ఎందులో వేయాలో ఆవిడకు కొట్టిన పిండి. పోయిన నెల ఆవిడ కన్నుమూసింది. పాపం, ఆవిడ లేకపోతే ఈయనకు చెత్త వేయడం కూడా చేతకాదని వీధి అనుకోకూడదు. మాస్టారి పంతమల్లా అదొక్కటే. జాలిపడి ఎవరైనా గిన్నెలో కూర తెచ్చిస్తే ఆయనకు ముద్ద దిగదు.

మొదటిసారి సంచి మీద ఎర్ర చీటీ అంటించి ఉంది. కాలే చెత్తలో టీ పొట్లాల ఇనుప పిన్నులు ఉన్నాయట. పిన్ను కూడా చూస్తారా అని గింజుకున్నాడు. రెండోసారి సోయా సాసు సీసా ప్లాస్టిక్ మూత. మిశ్రమంలో ఏ భాగం గుణం దానికే ఉంటుందని, అందుకే విడదీయవచ్చని ఆయనే కదా నల్లబల్ల మీద రాసేవాడు! తప్పు తనదేనని తెలిశాక ఇంకా మండింది.

అందుకే ఈసారి బల్ల మీద పాత పేపరు పరిచి పట్టకారుతో కూర్చున్నాడు. ఉత్తరాల కవర్లకున్న ప్లాస్టిక్ కిటికీలు ఊడబీకాడు. అరిగిన చీపురుకు చుట్టిన తీగ విప్పాడు. చేపముళ్లు, కాగితాలు, టీ పిప్పి తప్ప ఇంకేమీ లేకుండా చూసి సంచి మూతి బిగించాడు. అలాంటి సంచి తిరిగొచ్చింది. పైగా ఈసారి చీటీ కూడా లేదు.

సంచి పట్టుకుని వీధి చివరికి విసవిసా నడిచాడు. వీధిలో అందరి చెత్త సంచులూ చూసి బండి ఎక్కించే వంతు ఈ ఏడాది హత్సుయేది. కాకులు పీకకుండా చెత్త మీద కప్పే వల మడత పెడుతోంది.

"ఏమ్మా హత్సుయే గారూ, ఇప్పుడేం లోపం కనబడింది? నెరిసిన వెంట్రుకలు వేరుగా, నల్లవి వేరుగా ఏరి ఇవ్వమంటారా?"

"కోప్పడకండి మాస్టారూ. లోపల ఒక్క తప్పు కూడా లేదు."

"మరి బండి ఎక్కించకుండా నా గుమ్మంలో పడేశారేం? నాతో ఆటలా?"

హత్సుయే వల కింద పెట్టింది. "మీరే కదండీ మా వాడికి చెప్పేవారు, సీసాలో ఏముందో చూసేముందు సీసా మీద ఏముందో చూడమని."

మాస్టారు సంచి తిప్పి చూశాడు. ప్రతి సంచి మీదా ఇంటివారి పేరు రాయాలన్నది ఊరి నియమం. గుండ్రటి అక్షరాల్లో, ఇనుయి ఫుసాయె. ఆస్పత్రికి వెళ్లేముందు, ఈ మనిషి మరిచిపోతాడని ఖాళీ సంచుల కట్ట మొత్తానికీ రాసి పెట్టింది. పట్టకారుతో లోపలంతా వెతికినవాడు పైన చూడనేలేదు.

"మొదటి రెండుసార్లూ తప్పులున్నాయి, నాకు సాకు దొరికింది. ఈసారి అదీ లేదు. బండి వచ్చి నిలబడింది. ఆ పేరును అందులోకి విసరడానికి నాకు చేతులు రాలేదండీ," అంది హత్సుయే.

"ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా!" అని అరిచాడు మాస్టారు. సంచి మీది పేరు కనబడకుండా చంకలో పెట్టుకుని ఇంటికి తిరిగాడు.

ఆ సాయంత్రమే కొట్టుకెళ్లి కొత్త సంచులు తెచ్చుకుని, వంకర అక్షరాలతో తన పేరు రాసుకున్నాడు. చెత్తంతా అందులోకి మార్చాడు. ఫుసాయె పేరున్న సంచులు మిగిలాయి. అవి ప్లాస్టిక్. బుధవారం వేయాలి. ఎవరినీ అడగనక్కర్లేదు.

బుధవారాలు వస్తున్నాయి, పోతున్నాయి. కట్ట మాత్రం వంటింటి సొరుగులోనే ఉంది.