శ్లాబు ఎవరు పోయాలి

ఇల్లు ఒకటే. పొడవు ఎనిమిది మీటర్లు, వెడల్పు ఏడు. గోడలు లేచి ఏడాదిన్నర అయింది, పైన కప్పు లేదు. దానికి ఇరవై తొమ్మిది బస్తాల సిమెంటు చాలని నికాంద్రో అన్నాడు. నలభై మూడు లేనిదే కాదని ఎవోదియో అన్నాడు. ఇద్దరూ మేస్త్రీలే, ఇద్దరికీ జుట్టు నెరిసింది, ఇద్దరూ కొలిచింది మా గోడలనే. ఇలాంటప్పుడు మనిషి ఎవరిని నమ్మాలి?

నేను బడిపిల్లల యూనిఫారాలు కుడతాను. పదకొండేళ్లు మిషను తొక్కితే ఒక్క శ్లాబుకు సరిపడా పోగయింది. ఒక్కదానికే. అది చెడితే మళ్లీ పోయించే శక్తి నాకు లేదు. జూన్‌లో అద్దె గది ఖాళీ చేస్తామని మాట కూడా ఇచ్చేశాం. మా ఆయన లాసరో లారీ నడుపుతాడు. ఏ మేస్త్రీని పెడదామని అడిగితే "నీ ఇష్టం దెల్ఫీనా" అంటాడు. రేపు ఇల్లు కారితే మాత్రం "నేను ముందే అనుకున్నా" అంటాడు. ఆయన సంగతి నాకు తెలియదా!

నికాంద్రో మాకు పరాయివాడు కాదు. మా పెద్దమ్మాయికి జ్ఞానస్నానం చేయించిన రోజు చర్చిలో దాన్ని చేతుల్లోకి ఎత్తుకున్నవాడు. మా ఊళ్లో అలా బిడ్డను ఎత్తుకున్నవాడు తోడబుట్టినవాడి కంటే ఎక్కువ. నేను అన్నా అంటాను, అతను చెల్లెమ్మా అంటాడు. ముప్పై ఎనిమిది వేల పెసోలకు పని ఒప్పుకున్నాడు కానీ, కాగితం రాయమంటే మొహం ముడుచుకున్నాడు.

"మన మధ్య కాగితమేంటి చెల్లెమ్మా? నీ బిడ్డని ఎత్తుకున్నప్పుడు నన్ను రసీదు అడిగావా?"

ఎవోదియో అలా కాదు. అరవై ఒక్క వేలన్నాడు. ఇనప ఊచ ఎంత లావుండాలో, కంకర ఎంత పడుతుందో, సెంట్రింగు చెక్కలు ఎన్ని రోజులు ఉంచాలో రెండు పేజీల నిండా రాసిచ్చాడు. నేను బేరానికి దిగితే మధ్యలో అడ్డు రాకుండా అంతా విన్నాడు.

"తగ్గించాలంటే తగ్గిస్తానమ్మా. ఏ మూల పోయకుండా వదిలెయ్యాలో మీరే చెప్పండి."

ఏం పొగరు! ఒళ్లు మండిపోయింది. అయినా ఆ రెండు పేజీలూ జాగ్రత్తగా మడిచి మిషను సొరుగులో దాచుకున్నాను. పదిమందినీ అడిగి చూశాను, అడిగినకొద్దీ అయోమయం. సిమెంటు కొట్టువాడు యాభై బస్తాలు తీసుకోమన్నాడు. అతను అమ్ముకునేది సిమెంటే కదా, ఇంకేమంటాడు! మా అత్తగారు తమ ఇల్లంతటికీ పన్నెండు బస్తాలే పట్టాయంది. నేను నిజమేననుకుని సగం రోజు సంబరపడ్డాను. వాళ్లది పెంకుటిల్లని సాయంత్రానికి గుర్తొచ్చింది.

ఇలా కొట్టుమిట్టాడుతుండగా మే మూడో తేదీ, సిలువ పండుగ వచ్చింది. ఆ రోజు మేస్త్రీలు కట్టుబడిలో ఉన్న ఇళ్ల మీద పూల సిలువ నిలబెడతారు, ఇంటివాళ్లు వాళ్లకు విందు పెడతారు. పని నచ్చితే విందు ఘనంగా ఉంటుంది, నచ్చకపోతే ఉండదు. నాలుగిళ్లు తిరిగి కంచాలు చూస్తే మంచి మేస్త్రీ ఎవరో తేలిపోతుందని బయలుదేరాను.

ముందు మా పక్క వీధి అమాలియా ఇంటికి వెళ్లాను. వాళ్ల కింది అంతస్తు నిరుడు నికాంద్రో కట్టాడు, ఇప్పుడు పైగోడలు లేపుతున్నాడు. వాకిట్లో టర్కీకోడి మోలే కూర కుతకుతలాడుతోంది. పుల్కే కల్లు కుండలు, వేడివేడి మొక్కజొన్న రొట్టెలు, ఆకాశంలోకి తారాజువ్వలు. నికాంద్రోను పెళ్లికొడుకులా మధ్యలో కూర్చోబెట్టారు. హమ్మయ్య, తేలిపోయిందనుకున్నాను.

ఇంతలో ఊరవతల మాలించే అనే కొండ మీది మబ్బు ఊరి మీదికి దిగింది. ఆ ఏటి మొదటి వాన. మేస్త్రీలు తారాజువ్వలు తడవకుండా పట్టుకుని షెడ్డులోకి పరిగెత్తారు, మేం ఆడవాళ్లం ఇంట్లోకి దూరాం.

"నికాంద్రో చెయ్యంటే బంగారమే దెల్ఫీనా" అంటూ అమాలియా మంచం కింద నుంచి ఒక గిన్నె లాగి గది మధ్యలో పెట్టింది. "ఇలాంటి మేస్త్రీ ఈ చుట్టుపక్కల ఎక్కడా దొరకడు" అంటూ బల్ల పక్కన బకెట్టు పెట్టింది. పైకి చూడను కూడా లేదు. ఏ చుక్క ఎక్కడ పడుతుందో ఆమెకు కంఠతా వచ్చు.

"అక్కా, కారుతోంది కదే!"

"ఉష్, మెల్లగా! వింటాడు."

"వినాలి కదా. చెప్పలేదా నువ్వు?"

"ఎలా చెప్తానే? మా చిన్నాణ్ని ఎత్తుకున్నాడు. రేపు ఎదురుపడితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

వాన వెలిశాక ప్లుతార్కో మాస్టారి ఇంటికి వెళ్లాను. బడిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ఇల్లు కడుతున్నది ఎవోదియో. అక్కడ విందూ లేదు, తారాజువ్వలూ లేవు. మేస్త్రీలకు తలా ఒక రొట్టె, ఒక కూల్‌డ్రింకు ఇచ్చి పంపేశాడట. ఎవోదియో పేరెత్తానో లేదో మాస్టారు లేచి నిలబడ్డాడు.

"వాడి ఊసెత్తకమ్మా! కట్టుకున్న పెళ్లాం కూడా నన్నంత సతాయించలేదు. ఊచలు సన్నంగా ఉన్నాయని లారీ వెనక్కి పంపాడు. ఇసకలో మట్టుందని ఎనిమిది రోజులు పని ఆపేశాడు. వాణ్ని నేను తిట్టని తిట్టు లేదు."

నేను పైకి చూశాను. ఎక్కడా మరక లేదు.

"మాస్టారూ, ఈ వానకి మీ ఇల్లు కారలేదా?"

"కారడమేంటి? మొన్నీమధ్యే పోసిన శ్లాబు కదా!" అన్నాడు, నాకేమైనా పిచ్చా అన్నట్టు చూస్తూ.

ఇదెక్కడి చోద్యం! పొగిడేవాళ్ల ఇల్లు కారుతోంది, తిట్టేవాళ్ల ఇల్లు పొడిగా ఉంది. చూడవలసింది కంచాలు కాదని తెలిసింది కానీ, ఇప్పుడింకా పెద్ద చిక్కొచ్చిపడింది. నికాంద్రోతో నువ్వు వద్దని ఎలా చెప్పడం? చెప్పకపోతే నా పదకొండేళ్లూ నీళ్లపాలు. చెబితే నా బిడ్డకు జ్ఞానతండ్రి లేకుండా పోతాడు. కాళ్లు ఈడ్చుకుంటూ మర్నాడు మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. మళ్లీ జోరున వాన.

నికాంద్రో వంటింట్లో కాఫీ తాగుతున్నాడు. భార్య ఒఫేలియా చిక్కుళ్లు ఏరుతోంది. ఎలా మొదలుపెట్టాలో తోచక, కొత్తగా అబ్బిన అలవాటు కొద్దీ పైకి చూశాను. శ్లాబు కడిగిన పళ్లెంలా ఉంది.

"అన్నా, ఇది ఎప్పుడు పోశావు?"

అతను కాఫీ కప్పులోకి చూశాడు. ఒఫేలియా పకపకా నవ్వింది.

"ఈయన పోస్తే నేనిక్కడ పొడిగా కూర్చుంటానా? ఎవోదియో పోశాడు."

నికాంద్రో కాఫీ పక్కన పెట్టాడు.

"నాకు పని రాదనుకోకు చెల్లెమ్మా. వచ్చు. కానీ ఊళ్లో పదహారు మంది బిడ్డల్ని ఎత్తుకున్నాను. వాళ్లందరికీ ధర తగ్గించాలి. ధర తగ్గిస్తే బస్తాలు ఎక్కణ్ణుంచి తేను? నీకు నలభై మూడు బస్తాలు, అరవై వేలు అని చెప్పుంటే ఏమనుకునేదానివి?"

అబద్ధం చెప్పడం ఎందుకు? బిడ్డను ఎత్తుకున్నవాడే మమ్మల్ని దోచుకుంటున్నాడని అనుకునేదాన్ని. ఊరంతా చెప్పేదాన్ని కూడా. సిగ్గుతో తల వంచుకున్నాను.

"ఎవోదియోకే ఇచ్చెయ్. వాణ్నయితే నువ్వు తిట్టగలవు. నన్ను తిట్టలేవు."

"నీకు కోపం రాదు కదా అన్నా?"

"రాకపోతే ఎలా? ఏడాది పాటు మీ గడప తొక్కను. లేకపోతే ఊళ్లో నా పరువేం కాను? పిల్ల పదిహేనో పుట్టినరోజంటే పెళ్లంత పండుగ కదా, దానికి మాత్రం వస్తాలే."

అన్నంత పనీ చేశాడు. రెండు రోజుల తర్వాత రొట్టెల దుకాణం వరుసలో నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. నలుగురి కోసమేనని తెలుసు. తెలిసినా గుండె కలుక్కుమంది. ఇంటికొచ్చేసరికి, అరవై ఒక్క వేలకే పని ఒప్పజెప్పిన ఎవోదియో మా వాకిట్లో నిలబడి ఉన్నాడు, నికాంద్రో మాట మీద నేను ముందే కొనేసిన ఊచలు చేత్తో పట్టి చూస్తూ.

"సన్నంగా ఉన్నాయమ్మా. వెనక్కి పంపెయ్యాలి."

అంతే, ఒంటికాలి మీద లేచాను. అతనికి చెందవలసినవీ చెందకూడనివీ అన్నీ కలిపి నోరారా తిట్టాను. మధ్యలో ఏడుపు కూడా వచ్చింది. ఎవోదియో టోపీ తీసి చేత్తో పట్టుకుని, అన్నీ అయ్యేదాకా నిలబడ్డాడు.

"అయిందా అమ్మా? అయితే రేపు పొద్దున్నే లారీ పిలవండి."