బాబాయ్ వరస

పురుగుమందు తాగి బయటపడ్డ గున్నేశ్వరరావు మొదట్లో గోడకేసి తిరిగి పడుకునేవాడు. రావులపాలెం దగ్గర అరటి రైతు, యాభై దాటిన మనిషి. అతన్ని మాట్లాడించే పని పావనికి పడింది. ఆ పిల్ల యూనివర్సిటీలో క్లినికల్ సైకాలజీ పీజీ చేస్తూ, ట్రైనింగ్ కోసం రాజమండ్రిలో ఈ ఆసుపత్రి వార్డుకి వస్తోంది.

ఒకరోజు భార్య టిఫిన్ తేవడానికి కిందికి దిగగానే అతనే నోరు విప్పాడు.

"మా ఇంట్లో ఒకటి జరుగుతుందండి. బయటికి పొక్కకూడదు."

"నా దగ్గర్నుంచి పొక్కదండి. చెప్పండి."

గొంతు సవరించుకుని, చెప్పబోయి ఆగాడు. "మీదే ఊరండి?"

సొంత సంగతులు పేషెంటుకి చెప్పొద్దని, వార్డులో తన ట్రైనింగ్ చూసే రాజరాజేశ్వరి మేడమ్ క్లాసులో మొత్తుకుంటూనే ఉంటారు. కానీ పెద్దాయన ఊరు అడిగితే దాచడం పావని పెరిగిన చోట మర్యాద కాదు. చెబితే ఇంకాస్త దగ్గరవుతాడనీ అనుకుంది.

"ఆలమూరండి."

"ఎవరి తాలూకు?"

తండ్రి పేరు చెప్పింది. మనిషి లేచి కూర్చున్నాడు.

"ఓర్నీ! బుల్లబ్బాయి కూతురివా! మీ నాన్న మా పెద్దమ్మ తోడికోడలి కొడుకే. నాకు అన్న వరస. అండీ గిండీ ఏంటి, బాబాయ్ అనాలి నువ్వు!"

ఆ పూట నుంచి నవ్వులే. మా అమ్మాయి డాక్టరని పక్క మంచాలవాళ్లకి చాటాడు.

"నేను డాక్టర్ని కాదు బాబాయ్."

"మందు రాయని డాక్టరువి. ఇంకా మంచిది."

పావని పొంగిపోయింది. బాగా ఓపెన్ అయ్యారని మేడమ్‌కి చెప్పింది.

"చచ్చిపోవాలని ఇంకా ఉందేమో నేరుగా అడిగావా?" అన్నారావిడ.

వెళ్లి అడిగింది.

"ఛ! కూతురితో ఆడే మాటలేంటే అవి? బుద్ధి గడ్డి తిని చేశాను. ఇంక లేదు."

"ఇంట్లో ఏదో జరుగుతుందన్నావు?"

"ఏముంటుందే, మీ పిన్ని వంట!"

పావని నవ్వేసింది. ప్రమాదం లేదని రాసింది. మేడమ్ ఆ మాట నమ్మారు. అతన్ని ఇంటికి పంపేశారు.

వారం తిరక్కుండా ఊరి లాకుల దగ్గర కాలవలో శవమై తేలాడు.

మేడమ్ తిట్టలేదు. "వరస కలిపాక నీకెలా చెబుతాడమ్మా? నీతో అంటే మీ నాన్నతో అన్నట్టే," అన్నారు, మొహం పక్కకి తిప్పుకుని.

పలకరింపుకి పావని తండ్రితో కలిసి వెళ్లింది. మూల కూర్చున్న పిన్ని దగ్గరికి లాక్కుని, ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో చెవిలో అడిగింది.

"పెద్దాడు ఆయన్ని కొట్టేవాడని... నీతో అనలేదు కదా?"

"లేదు పిన్నీ."

"ఒట్టు?"

"అసలేం చెప్పలేదు."

పిన్ని గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలింది. "పోన్లే తల్లీ. మనవాళ్లలో పరువన్నా మిగిలింది."

బయట పందిట్లో పెద్ద కొడుకు దుర్గాసాయి వచ్చినవాళ్లకి కుర్చీలు వేస్తున్నాడు. పావనిని చూసి ఒకటి తువ్వాలుతో దులిపి ముందుకు జరిపాడు.

"కూర్చో చెల్లీ," అన్నాడు.

అందరూ చూస్తున్నారు. కూర్చుంది.