నచ్చేది

పిల్లలు నాకు పెట్టిన పేరు ఎర్రసిరా. చాటుగా అంటున్నామనుకుంటారు గానీ నాకు వినబడుతూనే ఉంటుంది. విదేశంలో విజ్ఞాన, సంస్కృతీ యాత్ర అంటూ బడివాళ్ళు ఇరవైమందిని పంపినప్పుడు విజ్ఞానానికి సైన్సు మాస్టారిని, సంస్కృతికి తెలుగు చెప్పే నన్ను తోడిచ్చారు. సంస్కృతి అంటే బస్సులో వాంతులు కడగడమని అక్కడికి వెళ్ళాకే తెలిసింది.

నాలుగో రోజు పొద్దున హోటల్లో పిల్లలు టిఫిన్ చేస్తుండగా ఫోన్ మోగింది. గడియారాల పిల్ల వాళ్ళమ్మ. ఆ పిల్ల తండ్రిది గడియారాలు బాగుచేసే కొట్టు, అందుకని అందరూ అలాగే పిలుస్తారు.

"ఆయన పోయారు టీచర్" అందావిడ. "నిద్రలోనే. దానికి చెప్పకండి. అంత దూరంలో అది ఏడుస్తుంటే నేను తట్టుకోలేను. ఇంటికొచ్చాక నేనే చెప్పుకుంటాను."

"చివరిచూపు..." అన్నాను.

"ఇంకా మూడు రోజులు కదండీ. ఎలా ఉంచుతాం?"

హెడ్మాస్టారికి ఫోన్ చేస్తే, అందరికీ కలిపి ఒకే వీసా, ఆ పిల్లనొక్కదాన్నే ముందు పంపడం కుదరదన్నారు. సైన్సు మాస్టారు తల దించుకుని, "మీరైతే నోరు జారరు మేడమ్" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. దాని తండ్రి పోయిన సంగతి దానికి తప్ప అందరికీ తెలియడమేమిటి? అయినా కన్నతల్లి మాట కాదనలేక సరేనన్నాను.

ఆ పిల్లకీ నాకూ మధ్య పాత సంగతొకటి ఉంది. పోయినేడాది వ్యాసంలో 'మా తాతయ్య గోడగడియారాలు బాగుచేస్తారు' అని రాసింది. తాత పోయి అప్పటికి నెల. నేను 'చేస్తారు' చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, పైన 'చేసేవారు' అని దిద్దాను.

"పోయినవాళ్ళకి అలాగే రాయాలా టీచర్?" అని అడిగింది.

"రాయడమే కాదు, మాట్లాడినా అలాగే మాట్లాడాలి" అన్నాను. అంత నోరు నాది.

నాన్నతో మాట్లాడతానని రెండు రోజులూ నా వెంటపడింది. పనిమీద పక్కూరెళ్ళారని వాళ్ళమ్మ ఫోన్లో చెప్పింది, అవునని నేను వంత పాడాను. వాళ్ళమ్మ గొంతు బొంగురుపోయిందేమిటంటే జలుబన్నాను. పిల్ల నమ్మేసింది. నామీద నాకే అసహ్యం వేసింది.

ఆఖరి రోజు సైన్సు మ్యూజియంలో పాత గడియారాల గది చూశాం. వెనక మూతలు తీసి, లోపలి చక్రాలు కనబడేలా పెట్టారు. పిల్ల ఒకదాని ముందు ఆగి, "ఈ చక్రం పళ్ళు అరిగాయి టీచర్. మా నాన్నయితే చప్పుడు వినే చెప్పేస్తారు" అంది. ఊఁ కొట్టాను.

బయటికొచ్చే దారిలో చిన్న దుకాణం ఉంది. అక్కడ కంటికి బిగించుకునే భూతద్దం ఒకటి దొరికింది దానికి.

"నాన్నదంతా గీతలు పడిపోయింది. ఇది తీసుకోనా?" అంటూ కంటికి పెట్టుకుని, మూతి వంకరగా తిప్పి, అచ్చం తండ్రిలాగే నా చేతి వాచీ మీదికి వంగింది. మూడు రోజుల్లో మొదటిసారి నవ్వొచ్చింది నాకు. ఆ నవ్వులో ఒళ్ళు మరిచాను.

"తీసుకో. మీ నాన్నకి ఎంతో నచ్చేది" అన్నాను.

పిల్ల కంటి నుంచి అద్దం తీసింది. నేను నాలుక కరుచుకోవడం కూడా చూసింది.

"నచ్చుతుంది అనాలి కదా టీచర్."

అవునమ్మా, పొరబాటున అన్నాను అంటే సరిపోయేది. అవతల సైన్సు మాస్టారు బస్సొచ్చిందని చెయ్యి ఊపుతున్నారు.

"మీరు తప్పు మాట్లాడరు కదా" అంది మెల్లగా.

నేను చెయ్యి పట్టుకోబోతే ఇవ్వలేదు. వెనక్కి తిరిగి, ఆ భూతద్దాన్ని ఎక్కణ్ణుంచి తీసిందో అక్కడే పెట్టేసింది.