పద్నాలుగో వరుస కిటికీ సీటు

పనిలో అందరూ పిన్ని అని పిలిచే ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని పద్నాలుగో వరుస సీటు కింద అంటుకున్న చూయింగ్ గమ్‌ను గోరుతో గీకుతోంది. చూపుడువేలి దగ్గర గ్లౌజు చిరిగి వారమైంది. సెలవుల్లో విహారయాత్రలు నడిపే కంపెనీ సీజనుకని అద్దెకు తీసుకున్న విమానం ఇది. సముద్రతీరం నుంచి వచ్చినవాళ్ళు దిగీ దిగకముందే వెళ్ళేవాళ్ళు గేటు దగ్గర తోసుకుంటూ ఉంటారు. ముప్పై అయిదు నిమిషాల్లో నూట ఎనభై సీట్లు ముగ్గురు మనుషులు తుడవాలి.

దిగినవాళ్ళ నిర్వాకం చూడాలి! సీటు సంచుల్లో చీకిన ఎముకలు, తడిసిన డైపర్లు, కాలిగోళ్ళు. అంత ఎత్తున మబ్బుల మధ్య కూర్చుని, ఎవడో మహానుభావుడు తీరిగ్గా గోళ్ళు కత్తిరించుకున్నాడు. నిండిన వాంతి సంచిని మడిచి పత్రికల మధ్య దాచే విద్య అందరికీ వచ్చు. ఇంట్లో ఇలా చేస్తారా? చేయరు. టిక్కెట్టు కొన్నాం కదా అన్న ధీమా. తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది. పిన్ని మాత్రం పందొమ్మిదేళ్ళలో ఒక్కసారీ ముక్కు మూసుకోలేదు.

ఆమెకున్న కోరిక ఒక్కటే. రోజూ తాను ఊడ్చే ఈ ఇసుక ఏ సముద్రానిదో, దాన్ని ఒక్కసారి పైనుంచి చూడాలి. సీజను చివరి రోజున విమానం ఖాళీగా వెళ్ళి, అక్కడ మిగిలినవాళ్ళను తెస్తుంది. అప్పుడు పనివాళ్ళలో ఒకరిద్దరిని ఎక్కించుకోవడం ఇక్కడి అలవాటు. "వచ్చే ఏడు చూద్దాం పిన్నీ," అంటూ సూపర్‌వైజరు ఏళ్ళు గడిపేశాడు. ఇవాళే ఆ చివరి రోజు, ఇవాళ్టితో ఆమె ఉద్యోగమూ సరి.

"ఆ చీపురు పక్కన పడెయ్ పిన్నీ. ఇవాళ నువ్వే ప్యాసింజరువి. ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చో," అన్నాడతను.

చేతులు కడుక్కుని వచ్చి, ఇందాక తుడిచిన వరుసలోనే కిటికీ పక్కన కూర్చుంది. పొద్దున ఇంట్లో భర్త చేతిరుమాలులో కట్టిచ్చిన మూటను ఎదురుగా ఉన్న సంచిలో పెట్టింది. "ఆకలేస్తే తిను. వాళ్ళు మంచినీళ్ళు కూడా అమ్ముతారట," అన్నాడాయన మూట ఇస్తూ.

తల వెనక్కి వాల్చింది. పోయిన నెల ఇక్కడే కదా ఆ చీము పట్టిన బ్యాండేజీ దొరికింది! ఈ బెల్టు మడతల్లో ఎండిన వాంతిని పళ్ళ బ్రష్షుతో తోమింది తనే. కిటికీ అద్దం మీద ఎవరిదో నుదుటి జిడ్డు. కళ్ళు మూసుకుంది గానీ వాసన పోలేదు. ఇన్నేళ్ళు మింగిన అసహ్యమంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది. లేచి నిలబడింది.

"ఏమైంది పిన్నీ, భయమా?" అంది ఎయిర్‌హోస్టెస్.

"భయమెందుకమ్మా. ఈ సీట్ల సంగతి నాకు తెలుసు. నా వల్ల కాదు."

"ఇప్పుడు దిగితే మళ్ళీ ఛాన్సు ఉండదు."

"తెలుసమ్మా."

మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చింది, కోపంతో, అదీ తన మీదే. బ్యాడ్జి తీసి సూపర్‌వైజరు చేతిలో పెట్టి, బస్‌స్టాప్ వైపు నడిచింది. వెనక విమానం తలుపు మూశారు.

కింద సముద్రం కనబడే వేళకు, పద్నాలుగో వరుస సీటు సంచిలో, చేతిరుమాలు మూటలోని రెండు రొట్టెముక్కలూ ఒలిచిన ఉడకబెట్టిన గుడ్డూ మెల్లగా వాసన పట్టసాగాయి.